దొంగ షిల్లింగు

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో చెల్లే డబ్బు లెక్కపెట్టేవాణ్ణి. చెల్లని డబ్బు మీద మోజు ఎప్పుడు పుట్టిందో గుర్తులేదు. అందులోనూ బాల్టిక్ తీరపు పాత వెండి చిల్లర. పెద్ద టేలర్లు కొనే తాహతు నాకు లేదు.

ఈ చిల్లరలో నాకు బాగా నచ్చేది మూడు పోల్కర్ల నాణెం. పోలండు రాజు మూడో సిగిస్మండ్ 1614 నుంచి 1627 దాకా కొట్టించాడు. ఒకవైపు శిలువ గల గోళంలో 24 అని ఉంటుంది. అది సంవత్సరమని కొత్తవాళ్ళు పొరబడతారు, నేనూ పడ్డాను. నిజానికి అది విలువ, టేలరులో 24వ వంతు. సంవత్సరపు చివరి రెండంకెలు శిలువకు అటొకటి, ఇటొకటి ఉంటాయి. 1621లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ రీగా పట్టణాన్ని గెలిచాక తానూ ఇదే నమూనా కొట్టించాడు. రాజు మారినా బజారు అలవాటు మారదు గదా! రీగా నుంచి జనపనార, అవిసె, ధాన్యం, కలప కొనుక్కుపోయే డచ్చి వర్తకులు వెండి పోసేవారు. ఆ రోజుల్లోనే మన మచిలీపట్నంలో బట్టలకూ వాళ్ళు వెండి పోశారు.

ఇక షిల్లింగు. క్రిస్టినా రాణి కాలపు రీగా షిల్లింగు చిటికెనవేలి గోరంత. ఒకవైపు ఆమె పేరు మొదటి అక్షరం, దాని నడుమ వాసా వంశపు ధాన్యపు కట్ట. రెండోవైపు రీగా తాళపుచెవులు. పేరుకే వెండి, రాగి పాలే ఎక్కువ.

అలాంటిదొకటి ఒక ప్రదర్శనలో కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు తారుమారు. అంచున ఎర్రటి రాగి. సంవత్సరం 63. క్రిస్టినా 1654లోనే సింహాసనం వదిలేసింది! తెలిసిన కంసాలి తూచి, "వెండి పూతే సారూ" అన్నాడు.

విషయం వెతికితే మొల్డావియాలో తేలింది. అక్కడి పాలకుడు యూస్ట్రాటియె దాబిజా (1661–1665) సుచావా కోటలో టంకశాల పెట్టి రీగా, లివోనియా షిల్లింగులకు నకళ్ళు కొట్టించాడు. కోట తవ్వకాల్లో ఆ పనిచోటు ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఊరవతల పాకలో దొంగచాటుగా చేసిన పని కాదు, ఏలినవారే చేయించారు. ఈ షిల్లింగును ఆ దేశంలో షలావు అనేవారు. సంతలో కోడినో గుడ్లనో అమ్మి దాన్ని పుచ్చుకున్నవాడు లాటిను అక్షరాలు కూడబలుక్కుని చూస్తాడా?

మా శాఖలో పూలమ్మే ముసలమ్మ ఒకసారి ఐదువందల నోటు జమకట్టబోయింది. అది దొంగనోటు. నియమం ప్రకారం ముద్రకొట్టి జప్తు చేసి రసీదు ఇచ్చాను. ఆమె రసీదు వంక చూసి, "ఇది చెల్లుతుందా సారూ? నా పూలు మాత్రం నిజమైనవే" అంది. నా దగ్గర జవాబు లేదు. జేబులోంచి ఇద్దామా అనుకునేలోపు వెనక వరుస గొడవ మొదలైంది. మళ్ళీ ఆమె మా శాఖకు రాలేదు.

షిల్లింగు అమ్మినతను తిరిగి తీసుకుంటానన్నాడు. మళ్ళీ ఇంకొకరికి రీగాదని అమ్ముతాడేమోనని ఇవ్వలేదు. ఆల్బంలో చీటీ మీద రీగా కొట్టేసి సుచావా అని రాసి, అసలు షిల్లింగు పక్కనే పెట్టాను.