ఎండతో నీళ్ల నుంచి హైడ్రోజన్.. రామగుండం యూరియాకు సరిపోవాలంటే ఎన్ని ఎకరాలు కావాలంటే?

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఎండకు కొదవ లేదు. పక్కనే గోదావరి. మరి ఎండ, నీళ్లు.. ఈ రెండింటితోనే హైడ్రోజన్ తీస్తే? రామగుండంలో ఇది ఉత్త సైన్స్ ముచ్చట కాదు. యూరియా కావాలంటే అమ్మోనియా, అమ్మోనియా కావాలంటే హైడ్రోజన్ ఉండాల్సిందే. ఇక్కడి ఆర్‌ఎఫ్‌సీఎల్ ప్లాంట్ సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా. అందులో హైడ్రోజన్ వాటానే దాదాపు 390 టన్నులు. ఇప్పుడది పైపులైన్‌లో వచ్చే సహజవాయువు నుంచి తీస్తున్నారు.

కాంతి పడగానే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే పదార్థమే ఫొటో క్యాటలిస్ట్. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌తో ఈ దారి చూపించారు. మన గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండేది ఈ పదార్థమే.

చిక్కంతా డిజైన్‌లోనే ఉంది. టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. ఎండలో అవి 5 శాతం కూడా ఉండవు. పోనీ మామూలు వెలుతురును పీల్చే పదార్థం వాడదామంటే, నీటిని విడగొట్టేంత బలం దానికి చాలకపోవచ్చు, లేదా నీళ్లలో అదే పాడైపోవచ్చు. ఇంకో తలనొప్పి.. కాంతి తగిలి లేచిన ఎలక్ట్రాన్ పని చేయకముందే, క్షణంలో వెయ్యో వంతు కూడా గడవకుండా, తిరిగి తన చోటికే వచ్చి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికే పైన ప్లాటినం, రాగి లాంటి లోహాల రేణువులు అతికిస్తారు.

కడప యోగి వేమన యూనివర్సిటీలో ఎం.వి.శంకర్ బృందం రాగి కలిపిన టైటానియం డయాక్సైడ్‌పై ఇలాంటి ప్రయోగాలే చేసింది. ఖరీదైన ప్లాటినం బదులు రాగి అన్నమాట. అయితే ఇలాంటి ప్రయోగాల్లో నీళ్లలో గ్లిజరిన్ కలుపుతారు. హైడ్రోజన్ బాగా వస్తుంది కానీ గ్లిజరిన్ ఖర్చయిపోతుంది. ఉత్త నీళ్లతో అంత ఈజీ కాదు.

ఉత్త నీళ్లతో, ఆరుబయట పెద్ద ఎత్తున చేసి చూసింది జపాన్‌కు చెందిన కజునారి డోమెన్ బృందం. 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు పెట్టారు. 2021లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే.

ఆ లెక్కనే రామగుండానికి వేసి చూద్దాం. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడుతుందనుకుంటే, 390 టన్నుల హైడ్రోజన్‌కు 80 వేల ఎకరాలకు పైగా ప్యానెళ్లు పరచాలి. సామర్థ్యం 10 శాతానికి చేరితే 6 వేల ఎకరాల పైచిలుకు చాలు. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంట్ విస్తీర్ణం 500 ఎకరాలు. అలాంటి సోలార్ కరెంటుతో ఎలక్ట్రోలైజర్ నడిపి హైడ్రోజన్ తీయడం వేరే పద్ధతి, ఇప్పటికైతే అదే ముందుంది.

మరో మెలిక కూడా ఉంది. యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడది సహజవాయువు నుంచే దొరుకుతోంది. హైడ్రోజన్ నీళ్ల నుంచి తీస్తే దాన్ని ఇంకో చోటు నుంచి తేవాలి. దగ్గర్లోనే ఎన్టీపీసీ బొగ్గు ప్లాంట్ ఉంది కానీ, ఆ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేయడానికి మరో యూనిట్ కట్టాల్సి వస్తుంది.