రెండు శిబిరాలు, మన కాలువ

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల వచ్చి చదువుకునే నా విద్యార్థి ఒకడు, అభ్యుదయ కవిత్వం పాఠం నడుస్తుండగా లేచి, "సార్, రష్యా యానాడో పడిపాయ గదా, ఇంగ ఇదంతా దేనికి సార్ చదివేది?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను గాని, ఆ పూట జవాబు చెప్పలేకపోయాను.

సోషలిస్టు శిబిరం ఓడింది, పెట్టుబడిదారీ శిబిరం గెలిచింది, కథ కంచికి వెళ్లింది: ఇదీ ఆ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర. దానికి మనం అలవాటుగా చెప్పే జవాబు అక్టోబరు విప్లవంతో మొదలై, స్టాలిన్‌గ్రాడ్ మీదుగా సాగుతుంది. అది అబద్ధమేమీ కాదు. కాని అందులో ఆ కుర్రవాని ఊరు లేదు. అతని తండ్రి కె.సి. కాలువ కింద కౌలు చేసే రైతు. అందుచేత ఆ కాలువ గట్టున నిలబడి ఈ రెండు శిబిరాల చరిత్రను చూడదలచాను.

1853 జూన్‌లో మార్క్స్ ఒక న్యూయార్క్ పత్రికలో భారతదేశాన్ని గురించి వ్రాస్తూ, ఆసియా ప్రభుత్వాలు నడిపిన మూడు శాఖలలో ఖజానాను, యుద్ధాన్ని ఆంగ్లేయులు పుచ్చుకుని, నీటి వనరులను చూసే ప్రజాపనుల శాఖను మాత్రం గాలికి వదిలివేశారని ఎత్తిచూపాడు. ఐదేండ్లు తిరిగేసరికి, ఆ పని మేము చేస్తామంటూ ఇంగ్లండు పెట్టుబడి మన సీమకు వచ్చింది. దాని పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. మూలధనం పది లక్షల పౌండ్లు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు 190 మైళ్లు కాలువ త్రవ్వి, నీరు అమ్మి, పడవలు నడిపి లాభం తీయాలని వారి ఊహ.

ఇంతవరకు ఇది సాహసమే అనిపిస్తుంది. కాని షేరుదారులు సాహసించిందేమీ లేదు. లాభం వచ్చినా రాకున్నా నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది. ప్రభుత్వమంటే ఎవరు? శిస్తు కట్టే రైతు. 1863లో పని మొదలైంది, 1870 నాటికి కాలువ పూర్తయింది. పడవల రాబడి అంతంతమాత్రం. నల్లరేగడిలో వానకే జొన్న, పత్తి పండించుకునే రైతు మామూలు ఏడాదులలో డబ్బిచ్చి నీరు కొనడానికి ముందుకు రాలేదు. అంతలో 1876లో ధాత కరువు వచ్చిపడింది. రెండేళ్లపాటు సీమలో జనం మలమల మాడి చచ్చారు. చివరికి 1882లో కాలువను ప్రభుత్వమే కొన్నది. ఈ దేశంలో నష్టపడిన ప్రైవేటు సంస్థను జాతీయం చేసే ఆచారాన్ని కమ్యూనిస్టులు తెచ్చారనుకునేవారు గమనించాలి: కె.సి. కాలువను కొన్నది విక్టోరియా రాణి ప్రభుత్వం.

లాభం వస్తే సొంతం, నష్టం వస్తే ఉమ్మడి. ఈ సూత్రానికి అప్పుడు ఎదురు లేదు. ఎందుకంటే ప్రపంచంలో అప్పు పుట్టే అంగడి అప్పటికి ఒక్కటే.

1917 తరువాత రెండవ అంగడికి పునాది పడింది. దాని విలువ మనకు తెలిసివచ్చింది 1955 ఫిబ్రవరిలో. ఆ నెల 2వ తేదీన భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. వడ్డీ నూటికి రెండున్నర. బాకీని రూపాయలలోనే తీర్చవచ్చు. మరుసటి ఏడాది బ్రిటిష్ సంస్థలు దుర్గాపురానికి ముందుకు వచ్చాయి. రెండు కాలాల వడ్డీరేట్లను పక్కపక్కన పెట్టడం అర్థశాస్త్రజ్ఞులకు నచ్చకపోవచ్చు. కాని రైతుకు ఈ లెక్క ఇట్టే బోధపడుతుంది: ఊళ్లో ఇద్దరు షావుకార్లుంటే ఒకని దగ్గర బేరమాడవచ్చు.

అయితే ఆ నెలలోనే, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్రరాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు నెల ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం వ్రాసింది. కాంగ్రెసువారు దానినే కమ్యూనిస్టుల మీద ప్రచారాస్త్రంగా ప్రయోగించారు. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి గాని, 196 స్థానాలలో దక్కినవి 15. ఈ ఓటమికి ప్రావ్దా ఒక్కటే కారణమనలేము. ప్రత్యర్థులందరూ ఒక కూటమి కావడమే ముఖ్య కారణం. అయినా ఒక సత్యం తేలింది. మాస్కోకు దేశాల మైత్రి ముఖ్యం. మన రైతుకూలీకి భూమి ముఖ్యం. ఈ రెండూ ఎల్లవేళలా ఒకే దారిన నడవవు. దానిని మనం ఒప్పుకోలేకపోయాము. 1956లో హంగరీలో, 1968లో చెకోస్లోవేకియాలో ట్యాంకులు నడిచినప్పుడు కూడా మనలో చాలామంది శిబిరానికి వకీళ్లుగానే నిలిచారు. జనం నోరు నొక్కిన సోషలిజం లోపలినుంచే డొల్లబారుతున్నదని చెప్పవలసినవారు చెప్పలేదు.

ఇక 1991. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో కుదువపెట్టింది. జూలై 24న కొత్త ఆర్థిక విధానపు బడ్జెట్ వచ్చింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావుకు పార్లమెంటులో స్థానం కావలసివస్తే, గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన నంద్యాల స్థానం ఆయనకు దొరికింది. తెలుగువాడన్న అభిమానంతో ఎన్.టి. రామారావు పోటీ పెట్టలేదు. నవంబరు ఉపఎన్నికలో ఆధిక్యం 5 లక్షల 80 వేలు. భూపరిమితికి పూనుకుని భూస్వాముల ఆగ్రహం చవిచూసి, జై ఆంధ్ర ఉద్యమం నడుమ 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్న వ్యక్తే ఆయన. మనిషి ఒక్కడే, మారినది బలాబలాల పొందిక. మనవాళ్లు ఓటు వేసినది తెలుగుతనానికి. సరళీకరణ మంచిచెడ్డలు ఆ ఎన్నికలో ఎవరూ వారిని అడగలేదు. డిసెంబరు 25 రాత్రి క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. అంగడి మళ్లీ ఒక్కటే అయింది.

ఐదేండ్లకు, 1996లో, మన కె.సి. కాలువ ఆధునీకరణకు జపాను నుంచి అప్పు వచ్చింది. ఆ అప్పుతో గట్లు బాగుపడితే సంతోషమే. కాని పెట్టుబడి ఇంగ్లండుదైనా జపానుదైనా, హామీదారు ఎవరన్నది 1858లో ఎట్లా ఉన్నదో అట్లానే ఉన్నది.

నా విద్యార్థికి నేను బాకీపడిన జవాబు ఇదే. రష్యా పడిపోయిన మాట నిజం, నాయనా. దానితో మన బేరానికి ఉన్న ఆసరా కూడా పోయింది. అది పరాయి ఆసరా గనుక పోయింది. మీ నాయన కౌలు, ఆఖరి మడికి నీరు, అప్పు మీద వడ్డీ, ఈ మూడింటి బేరం మాత్రం ముగియలేదు. ఆ బేరంలో ఇక మన పక్షాన నిలవవలసినది మన సంఘబలమే. ఆ కవులు వ్రాసినది మాస్కోను గురించే అయితే వారిని చదవనక్కరలేదు. ఈ కాలువ గట్టును గురించి కూడా వ్రాశారేమో, రేపటి తరగతిలో ఇద్దరం కలిసి వెదుకుదాము.