తీగ బిగువు: ఒక వాద్యబృందపు చరిత్ర

తీగ సన్ననిదైన కొలదియు, బిగువు హెచ్చిన కొలదియు స్వరము హెచ్చునని హైస్కూలు విద్యార్థులు ఎరుగుదురు. ఈ సూత్రము ప్రయోగశాలలోనే గాక, ఒక వాద్యబృందపు చరిత్రలోను పనిచేసినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున 1968లో ఏర్పడిన బ్లాక్ సబ్బాత్ బృందమే అది. 'హెవీ మెటల్' అను సంగీతమునకు ఆద్యులలో ముఖ్యులుగా వీరిని చెప్పుదురు.

బృందమున గిటారు వాయించిన టోనీ అయోమీ 1965లో, పదునేడేండ్ల వయస్సున, రేకుల కర్మాగారములో చేయి యంత్రమున పడగా నడిమివ్రేలు, ఉంగరపువ్రేలి కొనలను పోగొట్టుకొనెను. అది కుడిచేయి. ఎడమచేతివాటము గలవాడగుటచే అతడు తీగలను నొక్కవలసినది ఆ చేతితోనే. అతడు నిరాశలో నుండగా, కాలిన చేతితో, రెండు వ్రేళ్లతోనే తీగలపై స్వరములు పలికించి పేరొందిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కర్మాగారపు పైఅధికారి వినిపించెను. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, వానిపై తోలు అంటించెను. బాంజో వాద్యపు సన్నని తీగలను గిటారుకు కట్టెను.

దీనికి కారణమేమి? తీగ సెకనుకు చేయు కంపనముల సంఖ్య బిగువు యొక్క వర్గమూలమునకు అనులోమముగను, ఏకాంక దైర్ఘ్యపు ద్రవ్యరాశి యొక్క వర్గమూలమునకు విలోమముగను ఉండును. కావున సన్నని తీగ అదే స్వరమును తక్కువ బిగువుతో పలుకును. వ్రేలికి శ్రమ తగ్గును.

1970 ఫిబ్రవరిలో తొలి రికార్డు వెలువడెను. అందలి మొదటి పాట గంభీరతకు మూలము షడ్జమమునకు ప్రతిమధ్యమమునకు నడుమ గల అంతరమే. మన కల్యాణి రాగమున ఇంపుగా వినిపించు ఈ అంతరము పాశ్చాత్య సంగీతమున చిరకాలము కర్కశముగా ఎంచబడినది. అయినను అప్పటికి గిటారు శ్రుతి సాధారణమైనదే.

1971 నాటి మూడవ రికార్డు 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో పెక్కు పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానములు దించిరి. గీజర్ బట్లర్ తన బేస్ గిటారును గూడ అట్లే దించెను. గిటారు యొక్క మందర తీగ సెకనుకు సుమారు 82 కంపనములకు మారుగా 69 మాత్రమే చేసినది. కంపనములు 84 శాతమునకు తగ్గగా, బిగువు 71 శాతమునకు తగ్గినది. వ్రేళ్లకు సుఖము కలిగినది. ధ్వనికి బరువు హెచ్చినది.

తరువాత మార్పులు తీగలకే పరిమితము కాలేదు. 1973 రికార్డున కీబోర్డు వాద్యములు చేరినవి. 1979లో గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌ను తొలగింపగా రానీ జేమ్స్ డియో వచ్చెను. ఓజీ పెక్కుచోట్ల గిటారు వరుసనే అనుసరించి పాడెడివాడు. డియో దానికి వేరుగా రాగము నడిపెను. 2025 జూలై 5న తొలి నలుగురు బర్మింగ్‌హామ్‌లో చివరిసారి కలిసి వాయించిరి. అదే నెల 22న ఓజీ మరణించెను.

ఈ ధ్వనికి గాయమే కారణమని తేల్చుట తొందరపాటు. గాయము 1965 నాటిది. శ్రుతి దిగినది 1971లో. తొలి రెండు రికార్డులు సాధారణ శ్రుతిలోనే బరువుగా వినిపించినవి. యాంప్లిఫయరును దాని శక్తికి మించి నడపినపుడు పుట్టు అనుస్వరములకును ఇందు పాలు కలదు. గాయము అవసరమును కల్పించినది. మార్గమును వెదకినది మనిషి.

ఉపాధ్యాయులు దీనిని సోనామీటరుపై చూపవచ్చును. 4 కిలోగ్రాముల బరువు వ్రేలాడదీసి తీగను మీటుడు. పిదప బరువును 2.8 కిలోగ్రాములకు తగ్గించి మరల మీటుడు. శ్రుతి మూడు స్వరస్థానములు దిగుట చెవికే తెలియును.