మీథేన్ పేరులో కట్టె, పుట్టుకలో రాయి

కట్టెను గాలి తగలకుండా వేడిచేస్తే వచ్చే స్పిరిటుకు మూలమేమిటో వెతుకుతూ, 1834లో ఫ్రెంచి రసాయనవేత్తలు డ్యూమా, పెలిగో గ్రీకులో మద్యాన్ని చెప్పే 'మెథు'కు కట్టెను చెప్పే 'హ్యూలే'ను కలిపి 'మిథిలీన్' అన్నారు. ఆ మాట నుంచే 1866లో జర్మన్ రసాయనవేత్త హాఫ్‌మన్ 'మీథేన్' తీశాడు. పేరులోనే చెట్టుంది. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండే మీథేన్‌కూ మూలం పశువు మేసిన గడ్డే.

కానీ ప్రాణంతో పనిలేని మీథేన్ కూడా ఉంది. సముద్రం అడుగునున్న భూఫలకం మరో ఫలకం కిందికి దిగేచోట, పదుల కిలోమీటర్ల లోతున, నీరు ఆలివిన్ అనే ఖనిజాన్ని సర్పెంటైన్ అనే మరో ఖనిజంగా మారుస్తుంది. ఆలివిన్‌లోని ఇనుము ఆక్సీకరణం చెందుతూ నీటి నుంచి హైడ్రోజన్‌ను విడిపిస్తుంది. అది కార్బొనేట్ల కార్బన్‌తో కలిసి మీథేనవుతుంది. ఇటలీ ఆల్ప్స్‌లోని లాంజో శిలల్లో దీని జాడలు దొరికాయి.

మన కనిగిరి దగ్గరా దాదాపు 133 కోట్ల ఏళ్లనాటి సముద్రపు అడుగు శిలలున్నాయి. వాటిలోనూ ఇలాంటి మీథేన్ జాడలున్నాయేమో పరీక్షించాలని నా కోరిక.