వాహన బీమా పాలసీలో మధ్యంతర మార్పులు

వాహన బీమా పాలసీ అమలులో ఉండగా, దాని గడువు ముగియక ముందే అందులోని వివరాలను సవరించడాన్ని మధ్యంతర మార్పు అంటారు. రిజిస్ట్రేషను సంఖ్య, యజమాని పేరు, చిరునామా, అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు, ఇంధనం వంటివి ఇలా మారుతూ ఉంటాయి. మార్పును ధ్రువీకరిస్తూ బీమా సంస్థ జారీ చేసే పత్రానికి ఎండార్స్‌మెంటు అని పేరు. ఇది మూల పాలసీలో భాగమే అవుతుంది. భారతదేశంలో ఈ మార్పుల పద్ధతి 2002 జూలై 1న అమలులోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లో వివరంగా ఉంది. సొంత వాహన నష్టానికి సంబంధించిన ధరలపై నియంత్రణను 2007 జనవరి 1 నుంచి తొలగించినా, ఎండార్స్‌మెంట్ల సంఖ్యలూ వాక్యాలూ చాలావరకు ఆ టారిఫ్ నుంచి వచ్చినవే.

రుసుము, అదనపు ప్రీమియం

ఈ రెండూ ఒకటి కావు. రుసుము కాగితం మార్చినందుకు తీసుకునేది. అదనపు ప్రీమియం ప్రమాదభారం పెరిగినందుకు తీసుకునేది. పేరులో అక్షరదోషం దిద్దితే ప్రమాదభారం పెరగదు. కారుకు గ్యాస్ కిట్ బిగిస్తే పెరుగుతుంది. రెండింటిపైనా 2017 జూలై 1 నుంచి 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే బీమా సంస్థ ఏ భారమూ స్వీకరించరాదు. కాబట్టి ఏజెంటుకు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే మార్పు జరిగినట్లు కాదు. సొమ్ము చెల్లించి, ఎండార్స్‌మెంటు చేతికి తీసుకోవాలి.

రిజిస్ట్రేషను సంఖ్య మార్పు

బ్రిటన్‌లో కోరుకున్న నంబరు ప్లేటును కొని, ఒక కారు నుంచి మరొక కారుకు మార్చుకునే ఏర్పాటు చిరకాలంగా ఉంది. అక్కడి బీమా సంస్థలు పలు సందర్భాల్లో ఇటువంటి మార్పుకు నిర్వహణ రుసుము వసూలు చేస్తాయి. తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి వేరు. ఇక్కడ 9999 వంటి సంఖ్యలనూ, అంకెలు కూడితే తొమ్మిది వచ్చే సంఖ్యలనూ కోరేవారు సాధారణంగా కొత్త వాహనం కొన్నప్పుడే రవాణా శాఖకు రుసుము కట్టి, పోటీ ఉంటే వేలంలో పాల్గొని పొందుతారు.

కొత్త వాహనానికి బీమా చేసేనాటికి శాశ్వత సంఖ్య ఉండదు. పాలసీలో ఆ గడి వద్ద 'కొత్తది' అని రాసి, ఇంజను సంఖ్యనూ ఛాసిస్ సంఖ్యనూ నమోదు చేస్తారు. బీమా దృష్టిలో వాహనాన్ని గుర్తించేవి ప్రధానంగా ఈ రెండే. శాశ్వత సంఖ్య వచ్చాక ఆర్‌సీ నకలు పంపి పాలసీలో చేర్పించుకోవాలి. సంఖ్య ఎంత విశేషమైనదైనా ప్రీమియం మారదు.

అయితే రెండు విషయాలు గమనించాలి. మొదటిది, వాహనానికి బీమాలో కట్టే విలువ తయారీదారు నిర్ణయించిన అమ్మకపు ధర నుంచి తరుగు తీసివేసి లెక్కించేది. ఆరు నెలలలోపు వాహనానికి 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు 50 శాతం తరుగు. నంబరు కోసం వేలంలో పోసిన సొమ్ము ఈ లెక్కలోకి రాదు. వాహనం పూర్తిగా ధ్వంసమైతే ఆ సొమ్ము ఈ విలువ ద్వారా తిరిగి రాదు.

రెండవది మరింత ముఖ్యం. మెచ్చిన నంబరున్న వరుస మొదలయ్యేదాకా కొందరు తాత్కాలిక రిజిస్ట్రేషను గడువు దాటిపోయినా ఆగుతారు. తాత్కాలిక రిజిస్ట్రేషను గడువు తీరిన తరువాత చోరీ అయిన ఒక కొత్త వాహనం విషయంలో, రిజిస్ట్రేషను లేకుండా వాడటం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరు 30న తీర్పు చెప్పింది. యజమాని పరిహారం కోల్పోయాడు. గడువు తీరినది కొద్ది రోజుల క్రితమే!

యాజమాన్య మార్పు

పాత వాహనాల కొనుగోలులో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 157వ సెక్షను ప్రకారం వాహనం అమ్మిన రోజు నుంచే బీమా ధ్రువపత్రం కొన్నవారి పేరిట మారినట్లు భావిస్తారు. కొన్నవారు 14 రోజులలో బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. దీనిని చదివి బీమా మొత్తం దానంతట అదే మారిపోతుందని అనుకోవడం పొరపాటు. ఈ సెక్షను వర్తించేది ఇతరులకు కలిగే నష్టానికి మాత్రమేననీ, సొంత వాహనానికి కలిగిన నష్టానికి పరిహారం కావాలంటే బీమా సంస్థ అంగీకారంతో పాలసీ మారి ఉండాలనీ కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

టారిఫ్ ప్రకారం పేరు మార్పుకు కొత్త ప్రతిపాదన పత్రం, అమ్మకపు ఆధారం, పాత ధ్రువపత్రం ఇచ్చి, కొత్త ధ్రువపత్రానికి 50 రూపాయలు చెల్లించాలి. దీనికి తోడు నో క్లెయిం బోనసు తేడా కట్టవలసి వస్తుంది. 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరిగే ఈ తగ్గింపు వ్యక్తికి చెందినది గాని వాహనానికి చెందినది కాదు. ఉదాహరణకు సొంత నష్టపు ప్రీమియం 10,000 రూపాయలు కాగా అమ్మినవారికి 50 శాతం తగ్గింపు ఉన్నదనుకుందాం. పాలసీ ఇంకా ఆరు నెలలు మిగిలి ఉంటే, బోనసు అర్హత లేని కొత్త యజమాని 2,500 రూపాయలు, ఆపై పన్ను చెల్లించాలి. ఈ కొద్ది మొత్తానికి వెనకాడి లక్షల విలువైన వాహనానికి రక్షణ లేకుండా చేసుకోవడం తెలివైన పని కాదు.

అమ్మినవారికీ ముప్పు ఉన్నది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని, వాహనం చేతులు మారినా ప్రమాద బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది.

సరిహద్దు మండలాలలో

ఖమ్మం జిల్లాలోని ఎర్రుపాలెం మండలం ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ జిల్లాను ఆనుకొని ఉంది. ఖమ్మం – విజయవాడ రైలు మార్గం దీని మీదుగానే పోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో విజయవాడ వైపు ఏపీ 16 వాహనం కొని ఖమ్మం జిల్లాకు తెచ్చుకుంటే రాష్ట్రం మారేది కాదు. 2014 జూన్ 2 తరువాత అదే కొనుగోలు అంతర్రాష్ట్ర వ్యవహారమయింది. అమ్మినవారి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, తెలంగాణలో జీవితకాలపు పన్ను కట్టి, కొత్త సంఖ్య పొందాలి. ఒక రాష్ట్రపు వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే కొత్త సంఖ్య తీసుకోవలసిందేనని చట్టంలోని 47వ సెక్షను చెబుతున్నది. అప్పుడు యజమాని పేరు, చిరునామా, సంఖ్య మూడూ ఒకేసారి మారతాయి. మూడింటికీ కలిపి ఎండార్స్‌మెంటు కోరడం మేలు.

ఖమ్మం జిల్లాలో ఏపీ 20, టీఎస్ 04, టీజీ 04 అనే మూడు తరాల సంఖ్యలు కనిపిస్తాయి. 2024 మార్చి 15 నుంచి కొత్త వాహనాలకు టీజీ అక్షరాలు ఇస్తున్నారు. పాత వాహనాలు పాత అక్షరాలతోనే ఉన్నందున అక్షరాల మార్పు వల్ల వాటి పాలసీలను సవరించవలసిన పని లేదు.

టారిఫ్‌లో కార్లకు రెండు మండలాలున్నాయి. హైదరాబాదు మొదటి దానిలో, ఖమ్మం రెండవ దానిలో ఉన్నాయి. రిజిస్ట్రేషను కార్యాలయం హైదరాబాదుకు మారితే ప్రీమియం కొంత పెరగవచ్చు.

గ్యాస్ కిట్టు, ఇతర మార్పులు

పెట్రోలు కారుకు తరువాత ఎల్‌పీజీ లేదా సీఎన్‌జీ కిట్టు అమర్చితే ముందుగా ఆర్‌సీలో, తరువాత 25వ ఎండార్స్‌మెంటు ద్వారా పాలసీలో చేర్పించాలి. టారిఫ్ ప్రకారం ఏడాదికి కిట్టు విలువలో 4 శాతం, ఇతరుల నష్టం భాగానికి 60 రూపాయలు అదనం. 40,000 రూపాయల కిట్టుకు ఇది 1,660 రూపాయలు. బ్యాంకు అప్పు తీరితే బ్యాంకు ఇచ్చిన పత్రంతో 7వ ఎండార్స్‌మెంటును తొలగింపజేసుకోవాలి. లేకుంటే పెద్ద నష్టంలో పరిహారం బ్యాంకు పేరిట పోయే అవకాశమున్నది.