రియాల్టో వంతెనపై ఒక సాయంకాలం

వెనిస్ నగరంలో పొద్దువాలే వేళ రియాల్టో వంతెన మెట్లు ఎక్కినవారి చూపు పడవలపైకి పోతుంది. (మోకాళ్ళ నొప్పులున్నవారు మెల్లగా ఎక్కాలి.) వైద్యుడినైన నా ఆలోచన మాత్రం తేదీలవైపు మళ్ళింది. ఇక్కడి కొయ్య వంతెన 1444లో జనం బరువుకు కూలింది. ఇప్పటి రాతి వంతెన నిర్మాణం 1588–1591 మధ్య జరిగింది. అంతకు సుమారు పదేళ్ళ మునుపు, 1575–77 నాటి ప్లేగు ఈ నగర జనాభాలో పావువంతుకు పైగా బలిగొన్నది.

వెనిస్ పాలకులు 1423లోనే ఒక దీవిలో ప్లేగు రోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. 1468లో అనుమానిత నౌకలను, సరుకులను నిలిపి ఉంచడానికి మరో దీవిని కేటాయించారు. వారి భాషలో 'నలభై' నుండే 'క్వారంటైన్' పుట్టింది. సూక్ష్మజీవుల ఊసే తెలియని కాలంలో అది అసామాన్యమైన యోచన. అయితే ఎలుకలు ఆ నిబంధనను పాటించలేదు!

ప్లేగు తొలగాలని మొక్కుకొని కట్టిన రెడెంటోరె చర్చికి నేటికీ జూలైలో కాలువపై తాత్కాలిక వంతెన వేస్తారు. జనం నడిచి వెళతారు.