శూన్యం బరువు: ఉత్తరాంధ్ర నుంచి ఒక సింహావలోకనం

ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను తొలి కిరణాలు తాకే రోజులు మనకు ముందే తెలుసు. సూర్యుడి నడక అంతగా లెక్కకు అందింది. విశ్వం నడక మాత్రం వందేళ్లుగా తెమలడం లేదు. ఆ కథలో మన జిల్లాలకూ ఒక పేజీ ఉంది.

విశ్వం నిశ్చలమని నమ్మిన ఐన్‌స్టీన్, గురుత్వాకర్షణకు ఎదురొడ్డేందుకు 1917లో తన సమీకరణంలో లాంబ్డా అనే స్థిరాంకాన్ని చేర్చాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1929లో హబుల్ పరిశీలనలు చూపాక, 1931లో దాన్ని వదులుకున్నాడు. 1967లో భౌతికశాస్త్రవేత్త జెల్డోవిచ్ దాన్ని మళ్లీ బయటికి తీసి, క్వాంటం సిద్ధాంతం శూన్యానికి ఇచ్చే శక్తితో ముడిపెట్టాడు. అసలు చిక్కు అక్కడ పడింది. సిద్ధాంతం చెప్పే అంకెకూ ఆకాశం చూపే అంకెకూ తేడా ఒకటి పక్కన దాదాపు 120 సున్నాలు! 1998లో దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా కనిపించడంతో, విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని తేలింది. దీనికి కారణమైన శక్తికి డార్క్ ఎనర్జీ అని పేరు; అది లాంబ్డాయే కావచ్చు. విశ్వంలో అది 68 శాతం దాకా ఉంది. అయినా ఒక ఘనపు మీటరు చోటులో దాని బరువు మూడు నాలుగు హైడ్రోజన్ పరమాణువులకు మించదు. సున్నా కాకుండా ఇంత స్వల్పంగా ఎందుకుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఇక మన పేజీకి వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం అనువర్తిత గణిత శాఖలో డి.ఆర్.కె. రెడ్డి, వి.యు.ఎం. రావు ఏళ్ల తరబడి బియాంకీ నమూనాల మీద పనిచేశారు. వ్యాకోచం తూర్పు పడమరలకు ఒక వేగంతో, ఉత్తర దక్షిణాలకు మరో వేగంతో సాగవచ్చని ఒప్పుకునే విశ్వాలవి. తర్వాత విజయనగరం ఎం.వి.జి.ఆర్. కళాశాల నుంచి రెడ్డి, రాజాం జి.ఎం.ఆర్.ఐ.టి. నుంచి ఆర్.ఎల్. నాయుడు, 2012 ప్రాంతంలో ఆ నమూనాల్లోకి డార్క్ ఎనర్జీని తెచ్చి, గురుత్వ సిద్ధాంతాన్నే సవరించి చూశారు. పెద్ద టెలిస్కోపు లేని ఊళ్లలో కాగితం, కలంతో అంతర్జాతీయ పత్రికల దాకా వెళ్లిన పని ఇది. మనం గర్వపడాలి. ఆ 120 సున్నాల జోలికి ఇది పోలేదన్నదీ నిజమే. సమీకరణాలను సాధించేందుకు కొన్ని సంబంధాలను ముందే ఊహించుకోవడం ఈ తరహా పనిలో ఉన్న బలహీనత.

ఆ ఊహలను ఆకాశంతో సరిపోల్చే వీలు ఇప్పుడు వచ్చింది. డార్క్ ఎనర్జీ కాలంతోపాటు మారుతోందేమోనని, గెలాక్సీల దూరాలు కొలిచే డెసి సర్వే 2024లోనూ 2025లోనూ సూచించింది. ఇంకా రుజువు కాలేదు. కానీ ఆ సర్వే తొలి దత్తాంశం 2025 మార్చి నుంచి అందరికీ ఉచితం. శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులారా, మన గురువులు గీసిన నమూనాలను ఆ అంకెలతో పరీక్షించండి. నిలవనివాటిని నిలవలేదనే రాయండి.